సేంద్రియ పాలు: ముందు మేత లెక్క చూడుడు

సేంద్రియ పాలకు ఎక్కువ ధర వచ్చునని విని మీ మందను ఆ పద్ధతికి మార్చదలచినారా? పాల ధర అడుగుటకు ముందు మేత ఖర్చు లెక్కించుకొనుడు. ధర వచ్చుట తరువాతి మాట. ఖర్చు ఏడాది ముందే మొదలగును.

అమెరికా అనుభవము చూడుడు. అక్కడ జాతీయ సేంద్రియ నిబంధనలు 2002లో అమలులోకి వచ్చినవి. మందను మార్చు రైతు 12 నెలలు దానిని సేంద్రియముగా పోషించిన పిమ్మటనే పాలను ఆ పేరుతో అమ్మవలెను. అంతవరకు మామూలు ధరయే. అందుచేత తొలుత ఒక సడలింపు నిచ్చిరి: మొదటి తొమ్మిది నెలలు మేతలో నూటికి 20 వంతులు మామూలుది ఉండవచ్చును.

దీని విలువ ఎంత? ఆవు రోజుకు 12 కిలోల ఎండు పదార్థము తినుననుకొనుడు. అందు 20 వంతులనగా 2.4 కిలోలు, 270 రోజులకు 648 కిలోలు. సేంద్రియ దాణా కిలోకు 10 రూపాయలు ఎక్కువనుకొన్నచో ఆవుకు 6,480 రూపాయలు మిగులును. పది ఆవులున్నచో 64,800 రూపాయలు!

2005లో న్యాయస్థానము ఈ సడలింపు చట్టవిరుద్ధమన్నది. 2007లో అది ముగిసినది. దానికి మారుగా, సొంత భూమి సేంద్రియ సాగులో మూడవ ఏట ఉన్నచో, అందు పండిన మేతను ఆ 12 నెలలు తన పశువులకు పెట్టుకొనవచ్చునని చట్టము సవరించిరి. తేడా గమనించితిరా? మొదటిది దాణా కొనువానికి మేలు, రెండవది మేత పండించువానికి. రెండవదే మేలైనదని మా అభిప్రాయము. 2010 నిబంధన మరింత ముందుకు పోయినది: పచ్చిక కాలములో, ఏటా కనీసము 120 రోజులు, సగటున 30 వంతుల ఎండు పదార్థము పశువు బయట మేసినదే కావలెను. పైన చెప్పిన ఆవుకు రోజుకు 3.6 కిలోలన్నమాట. పచ్చిక బయలు లేనివానికి ఇది బరువే.

మన దేశములో 2001 నుండి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము నడుచుచున్నది. జన్యుమార్పిడి పంటలు అందు నిషిద్ధము. ఇక్కడనే మనకు చిక్కు! మనము వాడు పత్తిచెక్కలో అధిక భాగము బి.టి. పత్తిదే. అది మానినచో పాలు తగ్గును. మరొక సేంద్రియ చెక్క కొన్నచో చేతి డబ్బు తగ్గును. యూరియాతో మాగవేసిన వరిగడ్డి మాట కూడ ముందే అడిగి తెలిసికొనుడు. అమెరికాలో మేతలో యూరియా కూడదు.

కావున ముందు భూమిని మార్చుడు, పశువులను తరువాత. వరి కోసిన చేలో పిల్లిపెసర, గట్టున అవిసె, నీరున్నచోట అలసంద వేసి, సంవత్సరములో ఎన్ని నెలలకు మేత చాలునో చూచుకొనుడు. మిగిలిన నెలల దాణా ఎక్కడ, ఏ ధరకు దొరకునో తేలిన పిమ్మటనే ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టుడు.