గన్నేరు అంటే ఏ గన్నేరు?

"గన్నేరు తిన్నాడమ్మా" అంటూ పిల్లవాణ్ణి ఆసుపత్రికి ఎత్తుకొచ్చిన వారిని మేము మొదట అడిగే మాట "ఏ గన్నేరు?" అని. మన పెదకాకాని వైపు ఈ ఒక్క పేరుతో నాలుగు రకాల మొక్కలను పిలుస్తాము. నాలుగూ ఒకే వృక్ష కుటుంబానివి, కాని గుణాలు వేరు.

1. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు: సంస్కృతంలో కరవీరం. ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి. ఎండకు తట్టుకుంటుంది, పశువులు ముట్టవు. అందుకే జాతీయ రహదారుల నడుమ నాటుతారు. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే.

2. పచ్చ గన్నేరు: పసుపు రంగు పూలు, ఆకుపచ్చ కాయలు. "గన్నేరు పప్పు" అనేది ఈ కాయలోని గింజనే. పప్పు అన్నంత మాత్రాన తినేది కాదు, ఇది ప్రాణాంతకం.

3. బిళ్ళ గన్నేరు: కుండీల్లో పెంచే చిన్న మొక్క. గులాబి, తెలుపు పూలు.

4. దేవ గన్నేరు: గుడుల దగ్గర పెరిగే చెట్టు. పాలు తగిలితే చర్మం మండుతుంది.

మొదటి రెండింటిలో ఉన్న విషం, గుండె జబ్బుకు ఇచ్చే డిజాక్సిన్ మందు వంటిది. ఆ మాత్ర ఇచ్చే ముందు మేము నాడి చూస్తాము. 60 కన్నా తక్కువ ఉంటే ఇవ్వకుండా డాక్టరుగారికి చెబుతాము. అంత జాగ్రత్తగా కొలిచి ఇచ్చే మందు లాంటిది కొలత లేకుండా కడుపులోకి పోతే గుండె లయ తప్పుతుంది. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు గన్నేరు పూలను (అక్కడ అరళి అంటారు) ప్రసాదాల్లో వాడరాదని నిర్ణయించాయి.

షుగరుకు బిళ్ళ గన్నేరు ఆకు మంచిదని విని నమిలేవారున్నారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ కూడా ఈ మొక్కను షుగరు మందు కోసమే పరీక్షించారు. ప్రయోగశాల జంతువుల్లో చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా దొరికినదే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సరు మందు. పిల్లల రక్త క్యాన్సరుకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే. ఇవి డాక్టరు పర్యవేక్షణలో నరానికి ఎక్కించేవే గాని పెరట్లో కోసుకొని నమిలేవి కావు. పైగా "గన్నేరు ఆకు" అని మాత్రమే విన్నవారు ఎర్ర గన్నేరు కోస్తే ఏమవుతుందో ఆలోచించండి.

గుర్తుంచుకోండి:

* గన్నేరు పుల్లతో పళ్ళు తోమకండి. నరికిన కొమ్మలు పశువుల ముందు వేయకండి.
* పిల్లలు ఆడే చోట పచ్చ గన్నేరు కాయలు రాలితే ఏరి పారవేయండి.
* ఎవరైనా తింటే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. నోట్లో మిగిలినది తీసివేసి, వెంటనే 108కి ఫోను చేయండి.
* తిన్న మొక్క రెమ్మ, కాయ వెంట తీసుకురండి.
* బాగానే ఉన్నాడని ఇంటికి తీసుకుపోకండి. గుండె లయ కొన్ని గంటల తరువాత కూడా తప్పవచ్చు. ఇ.సి.జి. చూస్తూ పరిశీలనలో ఉంచాలి.

గన్నేరును నరికివేయమని మేము చెప్పడం లేదు. పువ్వును చూసి ఆనందించండి. పేరు మాత్రం పూర్తిగా చెప్పండి, మీ పిల్లలకూ నేర్పండి.