బొగ్గు బెల్టులో కాపలా పోగు

మంచిర్యాల: శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలను కలిపి కోల్‌బెల్ట్ అని వ్యవహరించడం వాడుక. బొగ్గును మోసే కన్వేయర్ బెల్టుకు ఆ పేరుతో సంబంధం లేకపోయినా, సింగరేణి గనుల్లో ఆ బెల్టు పాత్ర చిన్నది కాదు.

చూపులకు అది నల్లని రబ్బరు పట్టీ. కోసి చూస్తే లోపల పొరలు పొరలుగా నేసిన గుడ్డ ఉంటుంది. పూర్వం నూలు గుడ్డ వాడేవారు, ఇప్పుడు నైలాన్, పాలిస్టర్ వాడుతున్నారు. మిక్కిలి పొడవైన బెల్టుల్లో గుడ్డకు బదులు ఉక్కు తాళ్లుంటాయి. లాగుడును భరించేది గుడ్డ, దెబ్బను, రాపిడిని కాచేది రబ్బరు. ఈ విధంగా నారతో బలపరచిన పదార్థాలను కాంపోజిట్లు అంటారు. గాజునారతో చేసే గాలిమర రెక్కలు, కార్బన్ నారతో చేసే విమాన భాగాలు కూడా ఈ కోవలోనివే. పైపొర చెక్కుచెదరకుండానే లోపలి పోగులు తెగిపోవడం వీటన్నింటికీ ఉన్న చిక్కు.

బొగ్గు పడే చ్యూట్‌లో ఇనుప కడ్డీ ఒకటి ఇరుక్కుంటే బెల్టు నిలువునా చీలుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో సాగే బెల్టును ఒక్క నిమిషం ఆపకపోతే 180 మీటర్లు పనికిరాకుండా పోతుంది. నష్టం డబ్బుతో ఆగకపోవచ్చు. 1950 సెప్టెంబర్ 26న ఇంగ్లండ్‌లోని క్రెస్‌వెల్ గనిలో చిరిగిన బెల్టు చ్యూట్‌లో చిక్కుకుని, రాపిడికి మంటలు లేచి 80 మంది కార్మికులు మరణించారు. నిప్పును తట్టుకునే బెల్టులకు ప్రాధాన్యం పెరిగింది ఆ తరువాతనే.

చీలికను వెంటనే కనిపెట్టేందుకు బెల్టు తయారీలోనే, కొంత దూరానికొకటి చొప్పున, విద్యుత్తు ప్రవహించే సన్నని తీగ చుట్టలను రబ్బరులో పొదుగుతారు. దారిలో ఒక పక్క అమర్చిన పరికరం పంపే సంకేతం చుట్ట ద్వారా రెండో పక్కకు చేరుతుంది. చుట్ట తెగితే సంకేతం అందదు, మోటారు ఆగుతుంది. పేక తెగితే మరమగ్గం ఆగే ఏర్పాటు సిరిసిల్ల నేతన్నలకు కొత్త కాదు. సూత్రం ఇంచుమించు అదే.

అయితే డ్రమ్ములపై లక్షలసార్లు వంగే బెల్టులో మొండి తీగ అలసి తానే తెగిపోతుంది. చీలిక లేకుండానే బెల్టు పదేపదే ఆగితే సిబ్బందికి ఆ హెచ్చరికపై నమ్మకం పోతుంది. అందుకే తీగకు బదులు పోగు కావలసివచ్చింది. సన్నని లోహపు పోగులను పురిపెట్టి, సాగినప్పుడు తెగకుండా వంకరటింకరగా అమర్చుతారు. వెండి పూత పూసిన నైలాన్ దారాలను గుడ్డతోపాటే నేయడం మరో పద్ధతి. అటువంటి దారం సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది కనుక, తెగకముందే ఒత్తిడిని పసిగట్టే వీలుంటుంది. కార్బన్ నార తానే విద్యుత్ వాహకం. అందులో ఈ దారానికి పైతొడుగు తప్పదు. దారం లావైతే దాని చుట్టూ రెసిన్ గూడుకట్టి ఆ చోటే బలహీనపడుతుంది. బెల్టులోనైతే రబ్బరును ఉడికించే దాదాపు 150 డిగ్రీల వేడికి అది తట్టుకోవాలి.

రెండు చుట్టల నడుమ చీలిక మొదలైతే, తరువాతి చుట్ట తెగేవరకు తెలియదు. ఇరుక్కున్న కడ్డీని తీయవలసింది కార్మికుడే. దానికి ముందు విద్యుత్ సరఫరా నిలిపి, స్విచ్‌కు తాళం వేయడం తప్పనిసరి.