చిత్తుప్రతిలోని చదువు

కలకత్తాకు దిగువన హుగ్లీ యొడ్డుననున్న బడ్జ్ బడ్జ్ రేవులో, కెనడావారు కాలు మోపనీయక మరలించిన కొమగాటమారు నౌక ప్రయాణికులపై 1914 సెప్టెంబరు 29న జరిగిన కాల్పులను గూర్చి, అచ్చటి బడిలో నొక ఉపాధ్యాయుడు వ్యాసము వ్రాసి తెమ్మనెననుకొందము. వెనుకటి విద్యార్థి పుస్తకము వెదకి, పెద్దల నడిగి, 1952లో నెహ్రూ ఆవిష్కరించిన స్మారకము చెంత కాసేపు నిలిచి, నాలుగు మాటలు కూడదీసికొనెడివాడు. నేటివాడు చాట్‌జీపీటీ నడిగినచో, నిమిషము గడవకముందే అక్షరదోషము లేని వ్యాసము చేతికందును.

అపారమైన వాఙ్మయమును జీర్ణించుకొన్న ఈ కృత్రిమ మేధ, ఏ పదము వెనుక ఏ పదము వచ్చుట సంభావ్యమో గణించి వాక్యముల నల్లును. ఆ రేవును అది చూచి యెరుగదు. యంత్రరచనను యంత్రముచేతనే పట్టింపజూచిన యత్నము ఫలింపలేదు. చాట్‌జీపీటీని 2022 నవంబరులో వెలువరించిన ఓపెన్‌ఏఐ సంస్థయే, తన గుర్తింపు సాధనము నమ్మదగినది కాదని 2023 జూలైలో ఉపసంహరించుకొనెను. ఆ యేడే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షింపగా, ఆంగ్లము మాతృభాష కానివారు స్వయముగా వ్రాసిన వ్యాసములలో సగమునకు పైగా యంత్రకృతములని ఇట్టి సాధనములు నిందమోపినవి. మన పిల్లలకు ఇంతకన్న అన్యాయమేమున్నది?

కొమగాటమారు మరలివచ్చిన 1914లోనే, విద్యార్థి ఏ తెలుగులో వ్యాసము వ్రాయవలెనను వివాదమున గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రము సమర్పించిరి. నాటి ప్రశ్న భాషను గూర్చినది. నేటి ప్రశ్న ఆ వ్రాతలో విద్యార్థి ఉన్నాడా యని.

కావున గురువు దృష్టి ముగిసిన వ్యాసమునుండి చిత్తుప్రతికి మరలవలెను: తరగతిలోనే వ్రాయించి, వ్రాసినదానిని నోట చెప్పించి, యంత్రపు వ్యాసమునే ముందుంచి లోపములు వెదకింపవలెను. “కాల్పులు జరిగినవి” అని బాలుడు వ్రాసినాడు. “ఎవరు కాల్చిరి నాయనా?” అని గురువు అడుగును. బాలుని కలము ఆగును. పంజాబుకు సిద్ధపరచిన రైలు నెక్కుటకు ప్రయాణికులేల నిరాకరించిరి, సర్కారు చెప్పినదేమి, ప్రయాణికుల నాయకుడు గురుదిత్ సింగ్ చెప్పినదేమి యని మరల పుస్తకము తెరచి, ఆ వాక్యమును కొట్టివేసి, దానిపైన తన వాక్యము మెల్లగా వ్రాసికొనును. ఆ కొట్టివేతకే నేను మార్కులు వేయుదును.