అన్నం సీమలో షుగరు

కోనసీమలోని మామిడికుదురు చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు. అన్నం మీద బతికే సీమ. షుగరు పట్నంవాళ్ల జబ్బన్న ధీమాకు ఇక్కడ కాలం చెల్లింది. గోదావరి ప్రాంతపు 20 పల్లెల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించిన ఓ అధ్యయనం 2006లో వెలువడింది. అందులో నూటికి సుమారు 13 మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది.

ఎక్కువమందికి వచ్చేది టైప్ 2. ఇన్సులిన్ ఉన్నా ఒంట్లోని కణాలు దానికి సరిగా స్పందించవు. గ్లూకోజు రక్తంలోనే పేరుకుంటుంది. పరగడుపు పరీక్షలో 100 నుంచి 125 ఉంటే హెచ్చరిక. 126 గాని, ఆపైన గాని రెండుసార్లు వస్తే షుగరు ఉన్నట్టే.

చికిత్స మెట్‌ఫార్మిన్ మాత్రతో మొదలైనా, సగం పని కంచంలోనే జరగాలి. కంచంలో సగం ఆనపకాయో, దొండకాయో, తోటకూరో ఉండాలి. పావు వంతు పప్పు లేదా చేప. అన్నం మిగతా పావే! కోనసీమ మనిషికి ఇది నిజంగా కష్టమే, కానీ తప్పదు.

అన్నిటికన్నా భయపడాల్సింది కాళ్ల గురించి. స్పర్శ తగ్గిన పాదానికి చేలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరితే వేలో, కాలో తీసేయాల్సి రావచ్చు. రోజూ రాత్రి కాళ్లు కడిగి, తడి తుడిచి, అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి.

షుగరు తగ్గిందని మాత్రలు సొంతంగా మానేయకండి. ముప్పై దాటినవారు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఒకసారి పరీక్ష చేయించుకోండి.