పుట్టింటి పేరుతో రాసిన వ్యాసాలు

విశ్వవిద్యాలయాల్లో మన ఆడవాళ్లు పెద్ద పదవుల్లోకి రావాలంటే ఏం చేయాలో మన సంఘం సంచికకు రాయమని కమిటీ వారు అడిగారు. వెంటనే నాకు గుర్తొచ్చింది నా రెండు పేర్లు.

మాది ఉండి అనే ఊరు. డిగ్రీ భీమవరంలో, పీహెచ్‌డీ విశాఖలో. పుట్టింటి ఇంటిపేరు 'కె'తో ఐదు పరిశోధన వ్యాసాలు అచ్చయ్యాయి. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు 'వి' అయింది. అమెరికా వచ్చాక రాసినవన్నీ ఆ పేరుతోనే. కొన్నేళ్ల కిందట ఒక వృత్తి సంఘం మహిళా ఆచార్యులకు నాయకత్వ శిక్షణ పెడుతుంటే, నన్ను బాగా ఎరిగిన ఒక పెద్దాయన నా పేరు చెప్పారు. ఎంపికలో నేను లేను. ఎందుకని ఆయన కనుక్కుంటే, "అనుభవం చాలా ఉందన్నారు, వ్యాసాలేమో అంతగా లేవు" అన్నారట.

ఆ రాత్రి పరిశోధన వ్యాసాల సూచీ స్కోపస్ తెరిచి నన్ను నేను వెతుక్కున్నాను. అందులో నేను ఇద్దరు మనుషులుగా ఉన్నాను. విశాఖ చిరునామాతో ఉన్న 'కె' గారు పెళ్లయిన ఏడాదితో రాయడం మానేసినట్టు కనిపించారు. 'వి' గారికి అంతకు ముందు చరిత్రే లేదు. నా థీసిస్ నుంచి వచ్చిన వ్యాసం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఆ మొదటావిడ దగ్గరే ఉండిపోయింది. చాలాసేపు ఆ తెర ముందే కూర్చున్నాను.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పై పదవులకు పేర్లు చాలావరకు ఒకరు చెబితే ఇంకొకరి చెవిన పడతాయి. మనవారు అక్కడిదాకా వెళ్లలేరని కాదు. విశాఖలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన నీలి బెండపూడి గారు 2011లో కాన్సస్ యూనివర్సిటీలో బిజినెస్ స్కూల్ డీన్, 2016లో ప్రోవోస్ట్, 2018లో లూయీవిల్ యూనివర్సిటీ అధ్యక్షురాలు, 2022లో పెన్ స్టేట్ అధ్యక్షురాలు అయ్యారు. పెన్ స్టేట్ చరిత్రలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ మన తెలుగింటి ఆడపడుచు! అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 1977లో మహిళల నెట్‌వర్క్ మొదలుపెట్టింది కూడా అర్హులైనవారి పేర్లు నలుగురికీ తెలియాలనే. ఇండియాలో 2018 యూజీసీ నిబంధనల్లో వైస్ ఛాన్సలర్ ఎంపికకు బహిరంగ ప్రకటనతో పాటు నామినేషన్ దారి కూడా ఉంది. పేరు చెప్పినవారి మాట నమ్మి వెతికేవారికి మనం మొత్తంగా కనబడాలి కదా.

కాలేజీ ప్రిన్సిపాల్ పదవికైతే ఆ నిబంధనల్లో లెక్క మరీ కచ్చితం. పీహెచ్‌డీ, 15 ఏళ్ల సర్వీసు, కనీసం 10 వ్యాసాలు. ఏడు ఒక పేరుతో, నాలుగు ఇంకో పేరుతో ఉన్న లెక్చరర్, ఆ పదకొండూ తనవేనని కాగితాలతో రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

అందుకని పరిశోధకులకిచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకోండి. 2012లో మొదలైంది, ఉచితం, 16 అంకెలు. పేరు మారినా, ఊరు మారినా అది మారదు. నమోదుకు కాలేజీ ఈమెయిలు ఒక్కటే ఇవ్వకండి. ఉద్యోగం మారిన రోజున ఆ ఈమెయిలు పోతుంది, దాంతోపాటు ఖాతాలోకి వెళ్లే దారీ పోతుంది. సొంత ఈమెయిలు తప్పక జతచేయండి. 'ఇతర పేర్లు' అనే గడిలో పుట్టింటి ఇంటిపేరుతో, అత్తింటి ఇంటిపేరుతో, పొడి అక్షరాలతో, మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ రాయండి. తర్వాత స్కోపస్‌లో రెండు ఖాతాలనూ కలపమని అర్జీ పెట్టండి. కలిపాక ఒక్కొక్క వ్యాసం మీదేనా అని చూసుకోండి. ఎస్. లక్ష్మి అన్న పేరుతో ఎంతమంది ఉంటారో ఆలోచించండి. ఇంకొకరి వ్యాసం పొరపాటున మీ ఖాతాలో చేరితే, మీదొకటి పోవడం కన్నా పెద్ద చిక్కు. ఇక్కడ అమెరికాలో ఉన్నవారికి పౌరసత్వం అర్జీలో పేరు మార్చుకునే వీలుంటుంది. ఆ గడి నింపే ముందు మీ వ్యాసాల జాబితా ఒకసారి ముందు పెట్టుకోండి.

అసలు పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ అడగదు. ఈ సంగతి నాకు ఇరవై నాలుగేళ్ల వయసులో ఎవరూ చెప్పలేదు. రాజ్యాంగ సభ చర్చల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ కోసం వెతికితే దొరకరు. అక్కడ ఆవిడ జి. దుర్గాబాయి, అంటే రాజమండ్రిలో పుట్టిన గుమ్మిడిదల దుర్గాబాయి. దేశ్‌ముఖ్ 1953 తర్వాతి పేరు. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడపిల్లలను మెట్రిక్‌కు చదివించినదీ ఆ పాత పేరుతోనే. అంతటి మనిషి కాబట్టి చరిత్ర రెండు పేర్లనూ కలిపి పెట్టుకుంది. మనవి మనమే కలుపుకోవాలి.

బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలిసి, ఉప్పుటేరుగా సముద్రంలోకి వెళతాయి. ఉప్పుటేరు నీళ్లు చూసి మా నాన్నగారు, "ఇందులో ఖమ్మం వాన కూడా ఉందమ్మా" అనేవారు. మన ఇంటిపేర్లూ అంతే, ఎక్కడి నుంచి వచ్చామో చెబుతాయి. ఎన్నో ఇంటిపేర్లలో ఒక ఊరు దాగి ఉంటుంది. దాన్ని వదులుకోకండి, పిల్లలకు కూడా ఆ ఊరి కథ చెప్పండి.

ఇక చదువుల మాటకొస్తే, ఏలూరులో సెయింట్ థెరిస్సా మహిళా కళాశాల 1953 నుంచి ఉంది. ఇప్పుడు భీమవరంలో విష్ణు మహిళా ఇంజినీరింగ్ కాలేజీ, తాడేపల్లిగూడెంలో నిట్. మా గోదావరి పక్క ఆడపిల్లలు చదువులో ఎవరికీ తీసిపోరు. 2021-22 జాతీయ సర్వేలో ఉన్నత విద్యా బోధకుల్లో నూటికి 43 మంది మహిళలే. వాళ్లకు కావలసింది, ఫలానా ఆవిడ ఉన్నారని చెప్పే మనుషులు. ఇక్కడ పాఠాలు చెబుతున్న మనం తలా ఒక లెక్చరరు చెయ్యి పట్టుకుంటే చాలు.

మొన్న ఏలూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, పెళ్లికి ముందువి నాలుగు పేపర్లున్నాయి, అవి ఇక లెక్కలోకి రావనుకున్నాను" అంది. గంటసేపు ఇద్దరం కూర్చుని ఖాతా తెరిచాం. ఫోన్ పెట్టేసే ముందు "థాంక్సండీ అక్కా" అంది.

మన సంఘం డైరెక్టరీలో ఇప్పటికీ కుటుంబాలు భర్త ఇంటిపేరు కిందే ఉన్నాయి. ఆడవాళ్ల ఉద్యోగం, పుట్టింటి ఇంటిపేరు ఎక్కడా లేవు. ఆ రెండు గడులూ చేర్చమని కమిటీని అడిగాను, ఒప్పుకున్నారు. ఈసారి సభల్లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఆ ఫారం ఇస్తారు. ఆ రెండు గడులూ మీ చేత్తో మీరే నింపండి.