మాట పూర్తికాకముందే అందిన కనికరం

దేవుని ప్రేమ ఎటువంటిదో చెప్పవలసి వచ్చినప్పుడు క్రైస్తవ బోధకులు సిద్ధాంత గ్రంథాలకంటే ఎక్కువగా ఆశ్రయించేది లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన ఒక తండ్రి కథను. తెలుగు సంఘాలలో 'తప్పిపోయిన కుమారుడు' అన్న పేరుతో పిల్లలకు సైతం పరిచయమైన ఈ ఉపమానం, అంటే ఆధ్యాత్మిక సత్యాన్ని లోకవ్యవహారంతో పోల్చి చెప్పే కథ, ఒక సణుగుడుకు జవాబుగా పుట్టింది. పన్నులు వసూలుచేస్తూ స్వజనుల ద్వేషానికి గురైన సుంకరులతో యేసు కలిసి భోజనం చేస్తున్నాడని, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యులు నొచ్చుకున్నారు.

తండ్రి బతికుండగానే ఆస్తిలో వాటా అడిగి తీసుకున్న చిన్నకొడుకు, దాన్ని దూరదేశంలో దుబారా చేసి, కరువు రాగానే పందులు మేపే పనికి కుదురుతాడు. యూదులకు పంది అపవిత్రం కనుక ఆనాటి శ్రోతలకు అంతకు మించిన పతనం తోచి ఉండదు. ఆకలి తాళలేక ఇంటిదారి పట్టేముందు అతడు తండ్రితో అనవలసిన మాటలు కూర్చుకుంటాడు: పాపం చేశానని, కొడుకుననిపించుకునే యోగ్యత లేదని, కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకోమని. ఇక్కడినుంచి కథను నెమ్మదిగా చదవాలి. కొడుకు ఇంకా దూరాన ఉండగానే తండ్రి చూసి, పరుగెత్తి వెళ్ళి, మెడమీద పడి ముద్దుపెట్టుకుంటాడు. కొడుకు మొదటి రెండు మాటలూ అంటాడు గాని కూలివాడిగా పెట్టుకోమన్న మూడో మాట అతని నోట వెలువడదు, ఈలోగానే తండ్రి మంచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని పనివాళ్ళను పురమాయిస్తాడు. పశ్చాత్తాపానికి ఈ కథలో చోటుంది, కాని క్షమ దానికోసం గుమ్మంలో కాచుకుని కూర్చోలేదు, ఊరి దారిలోకి ఎదురువెళ్ళింది.

ఆ తండ్రి 'కనికరపడ్డాడు' అని తెలుగు బైబిలు చెప్పేచోట ఉన్న గ్రీకు క్రియ, కడుపులోని పేగులను సూచించే మాటనుంచి వచ్చింది. 'కడుపు తరుక్కుపోవడం' అన్న మన పలుకుబడి దానికి ఎంతో దగ్గరిది. పాత నిబంధన మూలభాష అయిన హీబ్రూలో కరుణకు వాడే 'రహమీం' అన్న పదం గర్భమనే అర్థమున్న 'రెహెం'కు చుట్టం. తెలుగు బైబిలులో 'కృప' అయిన మరో హీబ్రూ మాట 'హెసెద్' మాత్రం మాట తప్పని ప్రేమను, ఎదుటివాడు బంధాన్ని తెంచుకున్నా తాను నిలిచే విశ్వసనీయతను చెబుతుంది. 136వ కీర్తనలోని 26 వచనాలూ ఆ కృప నిరంతరమన్న పల్లవితోనే ముగుస్తాయి. మాతృత్వపు మెత్తదనం, మాటమీది నిలకడ అనే ఈ రెండింటినీ ఒక్క తండ్రిలో చూపడంలోనే ఈ ఉపమానపు గొప్పతనమంతా ఉంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ జీవితపు చివరి ఏళ్ళలో చిత్రించిన ఆ తండ్రీకొడుకుల కలయిక దృశ్యం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది: మోకరించిన కొడుకు ఒక కాలి చెప్పు జారిపోయి అరికాలు కనిపిస్తుంటే, ముసలి తండ్రి రెండు చేతులూ అతని వీపుమీద ఆని ఉంటాయి.

విశ్వాసులు ఆ తండ్రి పరుగునే సిలువలో చూస్తారు. మనుషులు తిరిగిరాకముందే దేవుడు క్రీస్తులో వారికి ఎదురువచ్చాడన్నది వారి నమ్మకం. అయితే ఇటువంటి కనికరం న్యాయబుద్ధి గలవారిని నొప్పించక మానదు, ఆ నొప్పిని కథ దాచలేదు. ఏళ్ళ తరబడి పొలంలో కష్టపడిన పెద్దకొడుకు, తమ్ముడి రాకకు తండ్రి చేయిస్తున్న విందు చప్పుడు విని కోపంతో బయటే ఆగిపోతాడు. తండ్రి మళ్ళీ బయటికి వస్తాడు, ఈసారి ఇల్లు విడవని కొడుకుకోసం, లోపలికి రమ్మని బతిమాలుతాడు. అతడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు.