వోక్స్‌వాగన్ టీ3 డీజిల్ వ్యానులో ఇంజను భాగాల తొలగింపు

వోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ టీ3 జర్మనీకి చెందిన వోక్స్‌వాగన్ సంస్థ 1979లో ప్రవేశపెట్టిన వ్యాను. దీని డీజిల్ రకంలో ఇంజను వాహనం వెనుక, సామాన్లు పెట్టే నేల అడుగున, ఎత్తు తక్కువైన గదిలో ఒక పక్కకు వాలి ఉంటుంది. అందువలన ఇంజక్టర్లు, హీటరు ప్లగ్గులు, టైమింగు బెల్టు, సిలిండరు హెడ్డు వంటి భాగాలను తీయుటకు ప్రత్యేకమైన క్రమము, ఓర్పు అవసరమవుతాయి. క్రమం తప్పితే భాగాలు విరగడమే కాక పనిచేసేవారికి ప్రాణాపాయం కూడా కలుగవచ్చును.

ఇరుకునకు కారణం

టీ3 మొదట గాలితో చల్లబడే పెట్రోలు ఇంజన్ల కొరకు రూపొందినది. ఆ ఇంజన్లలో సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉండుట వలన వాటి ఎత్తు చాలా తక్కువ. 1981లో ఇదే గదిలో 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను అమర్చబడినది. ఇది ఒకే వరుసలో నిలువుగా సిలిండర్లు గల ఇంజను. దీని ఘనపరిమాణం 1588 ఘనపు సెంటీమీటర్లు, శక్తి 50 అశ్వశక్తులు. నేల ఎత్తు మార్చకుండా దీనిని ఇమిడ్చుటకు సుమారు 50 డిగ్రీలు ఎడమకు వాల్చి బిగించారు. ఆ తరువాత 70 అశ్వశక్తుల టర్బో డీజిల్, 1.7 లీటర్ల డీజిల్ రకాలు కూడా వచ్చాయి.

ఈ వాలు వలన కొన్ని భాగాలు పై మూత నుండి కనబడగా, మరికొన్ని కిందికి పోయి వాహనం అడుగు నుండి మాత్రమే చేతికి అందుతాయి. గేరుబాక్సు ఇంజనుకు ముందు వైపున ఉండుట చేత టైమింగు బెల్టు వెనుక బంపరు వైపునకు వస్తుంది. రేడియేటరు మాత్రం వాహనం ముందు భాగంలో ఉంటుంది. నీటి గొట్టాలు వాహనం అడుగు నుండి పొడవునా సాగి ఇంజనును చేరతాయి.

పనికి ముందు జాగ్రత్తలు

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట బ్యాటరీ నెగటివు తీగను విడదీయాలి. టీ3లో బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది. వాహనం కిందికి వెళ్ళవలసి వస్తే సమతలమైన గట్టి నేలపై, చక్రాలకు అడ్డు పెట్టి, ఇనుప స్టాండుల మీద నిలబెట్టాలి. జాకీని మాత్రమే నమ్ముకొని వాహనం కిందికి వెళ్ళరాదు. జాకీ జారితే తప్పుకొనుటకు ఇరుకులో చోటు ఉండదు.

డీజిల్ గొట్టాలు విప్పుటకు ముందు వాటి చుట్టూ ఉన్న మట్టిని, జిడ్డును శుభ్రం చేయాలి. ఇంజక్టరు రంధ్రాలు అతి సూక్ష్మమైనవి కావున ఇసుక రేణువు సైతం వాటిని పాడుచేస్తుంది. విప్పిన ప్రతి కొసకు శుభ్రమైన మూత పెట్టాలి.

ఇంజక్టర్లు, హీటరు ప్లగ్గులు

ఫ్యూయల్ పంపు నుండి ఇంజక్టర్లకు పోయే నాలుగు ఉక్కు గొట్టాలను వంచకుండా ఒకే కట్టగా తీయుట మంచిది. వాటి నట్లకు 17 మిల్లీమీటర్ల స్పానరు, ఇంజక్టర్లకు 27 మిల్లీమీటర్ల బాక్సు స్పానరు సరిపోతాయి. ఇంజక్టరు అడుగున ఉండే పలుచని వాషరు వేడిని అడ్డుకుంటుంది. ఒకసారి నొక్కుకొన్న వాషరు మరల సరిగా మూయదు కనుక ప్రతిసారి కొత్తది వేయాలి. బిగించునపుడు 70 న్యూటన్ మీటర్ల టార్కు ఇవ్వాలి.

చల్లని ఇంజనును స్టార్టు చేయుటకు దహన గదిని వేడిచేసే హీటరు ప్లగ్గులు సన్నని మరలు కలవి. ఏళ్ళ తరబడి పేరుకొన్న మసి వలన ఇవి పట్టుకుపోతాయి. బలంగా తిప్పితే కొస విరిగి లోపలే ఉండిపోవచ్చును. అట్లు జరిగితే హెడ్డును విప్పవలసి రావచ్చును. తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టి, కొద్దిగా వదులు చేసి, మరల బిగించి, ఈ విధంగా ముందుకు వెనుకకు కదుపుతూ తీయాలి.

టైమింగు బెల్టు

ఈ ఇంజనులో సంపీడన నిష్పత్తి సుమారు 23:1. అనగా పిస్టను పైకి వచ్చినపుడు హెడ్డుకు, దానికి మధ్య మిగిలే ఖాళీ అత్యల్పం. బెల్టు తెగినా, పళ్ళు తప్పినా తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు ఢీకొని వంచివేస్తాయి. అందుచేత బెల్టును తీయుటకు ముందు మొదటి సిలిండరును ఎగువ స్థానానికి తీసుకొనిరావాలి. ఫ్లైవీలుపై గల గుర్తు గేరుబాక్సు రంధ్రం నుండి కనబడుతుంది. వాల్వు మూత తీసి, కామ్‌షాఫ్టు కొసన ఉన్న గాడిలో ఒక లోహపు పలకను దూర్చి, అది తిరగకుండా నిలపాలి. పంపు చక్రాన్ని కూడా మేకుతో నిలపాలి.

కామ్‌షాఫ్టు చక్రానికి ఈ ఇంజనులో కీలం లేదు. అది కోసుగా ఉన్న షాఫ్టుపై బిగుతు చేతనే నిలుస్తుంది. కాబట్టి కొత్త బెల్టు వేయునపుడు ఆ చక్రాన్ని వదులు చేసి, బెల్టు బిగుతు సరిచూచిన తరువాతనే బోల్టు బిగించాలి. అటు పిమ్మట ఇంజనును స్పానరుతో చేతితోనే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు సరిచూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయక ఆగి మొదటి నుండి సరిచూచుకోవాలి. చివరగా పంపు సమయాన్ని డయల్ గేజీతో సరిచేస్తారు.

సిలిండరు హెడ్డు

హెడ్డును వాహనంలోనే విప్పవచ్చును. అయితే వాలిన స్థితిలో బరువైన హెడ్డును తిన్నగా ఎత్తుట కష్టం కనుక అనేకులు ఇంజనును, గేరుబాక్సును కలిపి కిందికి దించి పనిచేస్తారు. వేడిగా ఉన్నపుడు విప్పితే హెడ్డు వంగవచ్చును. బోల్టులను బిగించే క్రమానికి విపర్యయంగా, కొద్దికొద్దిగా వదులు చేయాలి. సాగే రకం బోల్టులను ఒకేసారి వాడాలి. వీటిని మొదట 40, తరువాత 60 న్యూటన్ మీటర్లకు బిగించి, ఆపై రెండుసార్లు పావు చుట్టు చొప్పున తిప్పుతారు.

పిస్టను ఎగువ స్థానంలో బ్లాకు పైకి ఎంత పొడుచుకు వస్తుందో కొలిచి, దానిని బట్టి గాస్కెటు మందం నిర్ణయిస్తారు. గాస్కెటు అంచున గల గాట్ల సంఖ్య మందాన్ని తెలుపుతుంది. పలుచని గాస్కెటు వాడితే పిస్టన్లు తగిలే ప్రమాదం ఉన్నది. మందమైనది వాడితే సంపీడనం తగ్గి స్టార్టు కష్టమవుతుంది.

తిరిగి అమర్చిన తరువాత

గొట్టాలలో చేరిన గాలిని తీయుటకు ఇంజక్టరు నట్లను కొద్దిగా వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చు వరకు సెల్ఫు తిప్పుతారు. ఈ సమయంలో చేతులను, ముఖమును దూరంగా ఉంచాలి. ఇంజక్టరు 130 బార్లకు మించిన పీడనం వద్ద డీజిల్‌ను చిమ్ముతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. బయటకు సూది గుచ్చినంత గాయమే కనబడినా లోపలి కండరాలు నశించవచ్చును గనుక నొప్పి కొరకు వేచి చూడక తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

నీటి వ్యవస్థలోని గాలిని తీయుట కూడా అంతే ముఖ్యం. గొట్టాలు చాలా పొడవైనవి కావున వాహనం ముందు భాగాన్ని ఎత్తి, రేడియేటరు పైన గల చిన్న స్క్రూను వదులు చేసి, నీరు ధారగా వచ్చు వరకు ఉంచుతారు. గాలి మిగిలితే హెడ్డు వేడెక్కి, కొత్త గాస్కెటు మరల కాలిపోతుంది.